వంశపటంలో లేని అక్క

మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో దాని కాళ్ళ మీద నీలిమచ్చలు కనిపించాయి. ఎక్కడో తగిలించుకుందనుకున్నాం. కొన్నాళ్ళకు పళ్ళు తోముకుంటుంటే నురుగు ఎర్రగా రావడం మొదలైంది. ఒక ఆదివారం పొద్దున ముక్కులోంచి కారిన రక్తం మధ్యాహ్నం అన్నాలవేళకు కూడా ఆగలేదు. జనగామలో మాకు తెలిసిన డాక్టరు రక్తపరీక్ష ఫలితం చూసి, దాన్ని మడిచి నా చేతికిచ్చి, "మేడం, ఇయ్యాల్నే హైదరాబాద్ తీస్కపోండి. బస్సుల వద్దు, కారు మాట్లాడుకోండి" అన్నాడు. దారి పొడుగునా అది నా ఒళ్ళో తల పెట్టుకుని, "అమ్మా, నీ చీర ఖరాబైతుంది" అంటూనే ఉంది.

పెద్ద దవాఖానలో వారం రోజులు రకరకాల పరీక్షలు చేశారు. రక్తాన్ని తయారుచేసేది ఎముకల్లో ఉండే మూలుగ అట. మా పిల్లకు ఆ మూలుగ పనిచేయడం మానేసింది. ఎందుకని అడిగితే చాలాసార్లు కారణం తెలియదన్నారు. ఇంకొకరి మూలుగ తీసి ఎక్కిస్తే బతుకుతుంది. కానీ అది దాని ఒంటికి సరిపోవాలి. అన్నో చెల్లెలో ఉంటే మొదట వాళ్ళనే చూస్తారు. మాకు అదొక్కతే. మందులతో ఒకసారి ప్రయత్నించారు, ఫలితం లేకపోయింది.

నేను ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన రోజూ పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాదు పోయి ఉద్యోగం చేసి వస్తాడు. ఆ వేసవి నుంచి మా ఇద్దరికీ తెలిసిన పని ఒక్కటే, రక్తం ఇచ్చేవాళ్ళను వెతకడం. ఈరోజు ఎక్కించిన ప్లేట్‌లెట్లు నాలుగు రోజులకు అయిపోయేవి. మా ఆయనతో రైలుపెట్టెలో పేకాడే వాళ్ళంతా ఒకరి తరువాత ఒకరు వచ్చి ఇచ్చిపోయారు. నా దగ్గర చదువుకుని ఆటో నడుపుకుంటున్న పిల్లలు వచ్చారు. ఫోను మోగితే భయం, మోగకపోతే భయం. పిల్లకు జ్వరం వస్తుందేమోనని దాని నుదురు ముట్టుకుని చూడటానికి కూడా చేతులు కడుక్కునేవాళ్ళం.

ఒకనాడు డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి, "మీది మేనరికమా?" అని అడిగింది.

అవునన్నాను. మా ఆయన మా చిన్న మేనత్త కొడుకు.

"అంటే మీ ఇద్దరికీ తాత ఒక్కరే. మీకు ఆయన దగ్గరనుంచి వచ్చిన సగమే మీ ఆయనకూ వచ్చింది. పాపకు రెండువైపులా అదే చేరింది. అందుకే మీరిద్దరూ పూర్తిగా సరిపోవడం లేదు. అలా రెండువైపులా మీ తాతగారి రక్తమే ఉన్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళు కలిసే అవకాశం ఎక్కువ. మీ బంధువులందరినీ గుర్తు చేసుకోండి. సగం సరిపోయినా చేయొచ్చు కానీ, ఈ పాపకు ప్రమాదం ఎక్కువ. అది చివరి దారి."

ఈ మాట మా బాపుకు, అంటే నాన్నకు, చెప్తే, అన్ని నెలల తరువాత మొదటిసారి ఆయన ముఖం వెలిగింది.

మేము దొరల వంశం. జనగామకు పడమటివైపు ఒక ఊళ్ళో కోటలాంటి మా గడి ఉండేది. దాని దర్వాజా మీద సున్నపుపనిలో ఎదురెదురుగా రెండు పులులు, వాటి నడుమ నిలబెట్టిన కత్తి, కత్తి మీద నెలవంక, కింద ఫార్సీలో మా ముత్తాతకు వచ్చిన బిరుదు ఉండేవి. గడి కూలిపోయినా బాపు ఆ ముద్రను వదల్లేదు. నా పెళ్ళిపత్రిక మీద అదే, జనగామలో మేం కట్టుకున్న ఇంటి ఇనుపగేటు మీద అదే. వెల్డింగు చేసినవాడు పులులకు కుక్కతోకలు పెట్టాడని బాపు వాటిని రెండుసార్లు విప్పించి మళ్ళీ అతికించాడు. ముందుగదిలో గోడంత వంశపటం ఉంది. ఏటా వచ్చే భట్రాజు చేత పదకొండు తరాలు చెప్పించుకుని, పెయింటరుతో చెట్టులా గీయించాడు. కొమ్మకొమ్మకూ పేర్లు. అన్నిటికీ పైన ఆ పులులు.

బాపు స్టూలు వేసుకుని ఆ పటం ముందు నిలబడి, వేలు పెట్టి ఒక్కొక్క కొమ్మా పట్టుకుంటూ బతికి ఉన్నవాళ్ళను నాకు చెప్పాడు. నేను ఫోన్లు చేశాను. హైదరాబాదులో ఉన్న ఒక చిన్నాన్న కొడుకులు మర్యాదగా మాట్లాడి మళ్ళీ ఫోను ఎత్తలేదు. ఒక వదిన, "పెండ్లి గావాల్సిన పిల్లలు, బొక్కల కెల్లి తీస్తే నడుములు పడిపోతయట గదా" అంది. అలా ఏమీ కాదని చెప్పాను, బతిమాలాను. మా తమ్ముడితో పాటు కొందరు వచ్చి నమూనా ఇచ్చారు. చెంప లోపల దూదిపుల్లతో తుడవడమే, అంతకుమించి ఏమీ లేదు. ఒక్కరిదీ కలవలేదు.

అప్పుడు గమనించాను. ఆ పటంలో ఒక్క ఆడపిల్ల పేరు లేదు. నేను లేను. మా మేనత్తలు లేరు. పదకొండు తరాల్లో పుట్టి ఎక్కడికో ఇచ్చిన ఆడవాళ్ళెవరూ లేరు. పులుల కింద ఉన్నది కొడుకులే. మేనరికాలు నడిచేది ఆడపిల్లల మీదుగా కదా.

"పెద్దత్తమ్మ ఉన్నది గద బాపు, గార్లల" అన్నాను.

"దాని పేరెత్తకు" అన్నాడు బాపు.

ఆస్తి పంపకాల దగ్గర వచ్చిన మాటపట్టింపుతో అక్కాతమ్ముళ్ళకు నా చిన్నప్పటినుంచీ మాటల్లేవు. మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న, మాత్రం అందరితో మంచిగా ఉన్నాడని చెప్పుకునేవాళ్ళు. తన కూతురిని గార్లలో అత్తమ్మ కొడుక్కే ఇచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. వంశపటం పక్కనే ఆయన ఫోటోకు బాపు రోజూ దండం పెడతాడు.

బాపుకు చెప్పకుండా నేను రైలెక్కి, కాజీపేటలో మారి గార్ల పోయాను. అత్తమ్మకు ఎనభై దాటాయి. నన్ను చూసి గుర్తుపట్టలేదు. చెప్పాక నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మనుమళ్ళు ఇద్దరినీ పిలిచి, "ఇయ్యిర్రి. అడగకముందే ఇయ్యాలె" అంది. వాళ్ళకు రెండువైపులా మా తాత రక్తమే. నేను ఆ రోజు తిరుగురైల్లో కిటికీ పక్కన కూర్చుని, కలిసినట్టే అనుకుని, పిల్లకు బాగయ్యాక ఏ కాలేజీలో చేర్పించాలో ఆలోచించాను.

కలవలేదు. ఇద్దరిదీ కలవలేదు. డాక్టరమ్మ, "ఒక్కోసారి ఇలాగే అవుతుంది" అంది. నేను దవాఖాన మెట్ల మీద కూర్చుండిపోయాను. లోపల పిల్లకు నోట్లో పుండ్లు, నీళ్ళు మింగలేకపోతోంది. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. 

కొన్నాళ్ళకు అత్తమ్మ ఫోను చేసింది. "ఒక్కదానివే రా బిడ్డా. మీ బాపుకు చెప్పకు. ఫోన్ల చెప్పేది గాదు" అంది.

పోయాను. కోడలిని ఏదో పని మీద బజారుకు పంపి, తలుపు దగ్గరికి వేయమంది. కోడలంటే మా పెద్దబాపు కూతురే. ఆమె వినకూడని మాట ఏమై ఉంటుందో నాకు అంతుపట్టలేదు.

"రెండు దిక్కుల మా నాయిన రక్తమే ఉండాలెనంటివి గదా" అంది అత్తమ్మ.

"అవునత్తమ్మా."

"ఇంకొకతి ఉన్నది."

ఆమె మంచం మీద దుప్పటి అంచును వేళ్ళతో మడుస్తూ, విప్పుతూ చెప్పింది. మా నాయనమ్మ పెళ్ళయి గడికి వచ్చినప్పుడు పుట్టింటివాళ్ళు సారెతో పాటు ఒక పిల్లను కూడా ఇచ్చి పంపారట. ఆడబాప అనేవాళ్ళు. దొరసాని కాళ్ళు కడగడానికి, పక్క వేయడానికి, దొర పిలిస్తే పోవడానికి. నేను ఆ మాట విన్నాను. మా ఇంటి సంగతిగా ఎప్పుడూ వినలేదు.

"దానికి బిడ్డ పుట్టింది. మా నాయిన బిడ్డ. నాకన్న చిన్నది. నేనే ఎత్తుకోని తిరిగేదాన్ని. నన్ను అక్కా అనేది. మా అన్నను అన్నా అనేది. గడిలనే పెరిగింది, గడిలనే పనిజేసింది. యీడుకొచ్చినంక..." అత్తమ్మ ఆగిపోయింది.  "అన్నా అనే పిలిచేది బిడ్డా. అప్పుడు గూడ అన్నా అన్నా అనే మొత్తుకున్నది. నేను పక్క అర్రల ఉన్న."



"కడుపైతే బండెక్కిచ్చి తోలిన్రు. టేకుమట్ల దిక్కు ఎవలో ఒకనికి కట్టబెట్టిన్రు. ఆడ బిడ్డను కన్నది. తల్లి సచ్చిపోయింది. బిడ్డ ఉన్నది. నేను ఏటా ఒక చీర పంపుత. ఒక్కటి గూడ వాపసు రాలే, ఒక్క మాట గూడ రాలే." దుప్పటి వదిలేసి నన్ను చూసింది. "గామెకు రెండు దిక్కుల మా నాయిన రక్తమే. నా కోడలుకు ఎర్కలేదు. చెప్పకు."

తిరిగివచ్చే రైల్లో నాకు వాంతి అయింది. పక్కనున్న ముసలమ్మ నీళ్ళిచ్చి, కడుపుతో ఉన్నావా బిడ్డా అని అడిగింది.

మా ఆయనకు చెప్పాను. అతను కూడా ఆ తాత మనుమడే. తల పట్టుకుని కూర్చుని, చివరికి, "పోదువా?" అన్నాడు. పోకుండా ఎట్లా ఉంటాను? అతను పిల్ల దగ్గర ఉన్నాడు. నేను హనుమకొండలో బస్సు మారి, పరకాల, చిట్యాల మీదుగా టేకుమట్ల చేరాను.

ఇల్లు ఊరి చివర. రేకులకప్పు, ముందుగది నిండా ఏరి తెచ్చిన పత్తి. ఆమె పత్తిలో కూర్చుని కాయపెచ్చులు ఏరేస్తోంది. యాభై దాటి ఉంటాయి. తల ఎత్తి నన్ను చూసింది. ఆ నుదురు, కనుబొమ్మల మధ్య ఆ గీత, మా ఇంట్లో గోడ మీద దండం పెట్టుకునే ఫోటోలోవే.

"ఎవలు?"

మా గడి ఉన్న ఊరి పేరు చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"గడోళ్ళా?" అంది. లేచి లోపలికి పోయి కుర్చీ తెచ్చి వేసింది. "కూసో దొర్సాని."

"అక్కా..." అన్నాను.

"గా మాట వద్దు. వచ్చిన పనేందో చెప్పు."

కుర్చీలో కూర్చోలేక పత్తి పక్కనే నేల మీద కూర్చుని చెప్పాను. పిల్ల జబ్బు, డాక్టరమ్మ మాట, గార్లలో అత్తమ్మ చెప్పింది, అన్నీ. మధ్యలో నాకు ఏడుపు వచ్చింది. ఆమె పని ఆపలేదు. పెచ్చులు ఒకవైపు, పత్తి ఒకవైపు వేస్తూనే ఉంది. అంతా విని అడిగింది.

"నన్ను గన్న మా అవ్వ ఎట్ల బతికిందో మీ అత్త చెప్పిందా?"

"లేదు."

"జీపు సప్పుడు ఇనబడితే లోపటికి పోయి తలుపేసుకునేది. ముసల్దైనంక గూడ. ఎలచ్చన్ల జీపులైనా సరే, దవాఖాన జీపైనా సరే. సచ్చిపోయే ముందటి ఏడు బాయికాడ పనిచేస్తుంటె ఎవలదో జీపొచ్చింది. జొన్నచేన్లకు ఉరికింది. పొద్దుమీకిందాంక దొరకలే. నేనే ఎతికి తెచ్చిన."

నేను ఫోను తీసి పిల్ల ఫోటో కోసం వెతికాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఫోటో జూపియ్యకు. జూస్తే ఇయ్యాలనిపిస్తది. నేను జూడ."

"అక్కా, అది పదిహేనేండ్ల పిల్ల. దానికేమెర్క..."

"మా అవ్వకు గూడ గంతే ఉండె" అంది ఆమె.

 ఆమె లేచి కొంగు దులుపుకుంది. "నా కొడుకు భూపాలపల్లి బొగ్గుబాయిల పనికి పోయిండు. వచ్చినంక మాట్లాడుకుంటం. పో దొర్సాని, బస్సొచ్చే యాల్లైంది." నా ఫోను నంబరు చెప్తే ఆమె రాసుకోలేదు. పక్కింటి ఆమె వచ్చి తన ఫోనులో ఎక్కించుకుంది.

ఫోను రాలేదు. నేను ఆ పక్కింటామెకు చేస్తే, చేనుకు పోయిందనో, ఊళ్ళో లేదనో చెప్పేది. ఇటు పిల్లకు జ్వరం పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు. ఐసీయూలో పెట్టారు. అద్దాల తలుపు సందులోంచి దాని కాళ్ళు మాత్రమే కనిపించేవి. ఆ కాళ్ళు కదులుతున్నాయా లేదా అని చూస్తూ నిలబడేదాన్ని. మా ఆయన ఒకరోజు, "ఇంకోపారి పోయి కాళ్ళు పట్టుకుందామా?" అన్నాడు. నేను వద్దన్నాను. మావాళ్ళు వాళ్ళ అమ్మను అడగకుండానే తీసుకున్నారు. ఇప్పుడు నేను పోయి కాళ్ళ మీద పడితే, ఆమె కాదనడానికి వీల్లేకుండా చేసినట్టే కదా. అట్లా అనుకున్నాను కానీ, ఇంకో ఘడియకు చెప్పులేసుకుని బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చాను. పిల్ల ఒక్క క్షణం కళ్ళు తెరిచి చూసినప్పుడు నేను అక్కడ ఉండనేమోనని వెనక్కి వచ్చాను.

బాపుకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. మా ఆయనే చెప్పి ఉంటాడు. దవాఖాన క్యాంటీనులో నా ముందు కూర్చుని, చుట్టూ జనం ఉన్నారని గొంతు అణుచుకుని అన్నాడు.

"అబద్ధం. ముసల్దానికి మతి లేదు. మా అన్న దేవుడు."

"అబద్ధమైతే పరీక్షల తేలిపోతది బాపు. కలవదు" అన్నాను. "కలవాలెనని నేను మొక్కుతున్న. కలవొద్దని నువ్వు మొక్కుకో."

 నేను మొక్కుతున్నది నిజంగా దేనికోసమో అప్పుడు తెలిసింది. ఆ పక్కగదిలో జరిగింది నిజమై ఉండాలని మొక్కుతున్నాను. అది జరగలేదంటే నా బిడ్డకు ఇక దారి లేదు. బాపు టీ తాగకుండానే లేచిపోయాడు.

జ్వరం కొంచెం తగ్గి పిల్లను మామూలు గదికి మార్చిన రెండోరోజు పొద్దున, దవాఖాన వరండాలో టేకుమట్ల ఆమె కనిపించింది. చేతిలో గుడ్డసంచి, పక్కన కొడుకు. నేను పరుగెత్తుకుంటూ పోయాను. ఆమె నాతో ఏమీ మాట్లాడకుండా, "ఏడ ఇయ్యాలె?" అంది.

దాతలతో మాట్లాడే గదికి తీసుకుపోయాను. మా ఆయన, అప్పుడే వచ్చిన బాపు కూడా లోపలికి వచ్చారు. అక్కడున్న అమ్మాయి నవ్వుతూ అడిగింది, "పాపకు మీరు ఏమవుతారమ్మా?"

ఆమె నా వైపు చూసింది. "గామెను అడుగుర్రి."

 బాపు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మా పెద్దబాపు బిడ్డ" అన్నాను. "నాకు అక్కైతది."

"సొంత పెదనాన్నగారేనా?"

"సొంతమే."

"వీళ్ళ అమ్మగారి వైపు ఏమైనా బంధుత్వం?"

"వాళ్ళమ్మ మా తాత బిడ్డ."

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. తల వంచుకుని రాసుకుంది. బాపు తలుపు తీసుకుని బయటికి నడిచాడు. ఆ రోజు ఇక కనిపించలేదు.

టేకుమట్ల అక్క మాత్రం కళ్ళు మూసుకుని కూర్చుంది. "ఇంకోపారి చెప్పు" అంది.

"ఏది?"

"గదే. నేనేమైత?"

చెప్పాను. ఆమె తల ఊపింది. "మా అవ్వ సచ్చిపోయిందాంక గీ మాట ఎవలన్న అంటరేమోనని జూసింది" అంది. తరువాత ఆ అమ్మాయి వైపు తిరిగి నోరు తెరిచింది, దూదిపుల్ల పెట్టమన్నట్టు.

కలిసింది.

డాక్టరమ్మ సంతోషంతో నా రెండు చేతులూ పట్టుకుంది. ఇంత బాగా కలవడం అరుదు అంది. నేను వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. నా బిడ్డకు దారి దొరికినందుకా, ఆ తల్లి మొత్తుకున్నది నిజమేనని తేలినందుకా, ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

మూలుగ తీసే ముందు రోజు ఆమెను చేర్చుకున్నారు. మత్తు ఇచ్చి నడుము వెనక ఎముకలోంచి సూదులతో తీస్తారని చెప్తే, చాలాసేపు వినీ విననట్టు కూర్చుని, "లేవకపోతే నా కొడుక్కు మీరు జెప్పకుర్రి, దొర్సానినే జెప్పమనుర్రి" అంది. లేచింది. మరునాడు నడుము పట్టుకుని నెమ్మదిగా నడుస్తూ వరండాలోకి వచ్చింది. పిల్ల అప్పటికే విడిగదిలో ఉంది, ఎవరినీ లోపలికి పోనివ్వరు. అద్దంలోంచి చూడొచ్చు.

"ఒక్కసారి జూస్తవా అక్కా?"

"వద్దు" అంది. కొడుకు భుజం పట్టుకుని లిఫ్టు వైపు పోయింది. కారు మాట్లాడతానంటే ఒప్పుకోలేదు. బస్సులోనే పోయారు.

తరువాతి నెలలు తలుచుకోవాలంటే భయం. పిల్ల జుట్టు ఊడింది, చర్మం పొరలుపొరలుగా లేచింది, కడుపునొప్పితో ముడుచుకుపోయేది. "అమ్మా, ఇగ చాలు" అని ఒకసారి అంది. నేను ముఖానికి మాస్కు ఉన్నందుకు బతికిపోయాను, నా నోరు అది చూడలేదు. పోయిందనుకున్న రోజులున్నాయి. కానీ కొత్త మూలుగ పట్టుకుంది. నెమ్మదిగా, ఒక రోజు పెరిగి ఒక రోజు తగ్గి, దాని రక్తం అదే తయారుచేసుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు దాని రక్తం గ్రూపు కూడా మారింది. టేకుమట్ల అక్కదే దానిదీ.

బాపు మా తమ్ముడి దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోయాడు. పోయేటప్పుడు పెద్దబాపు ఫోటో పట్టుకుపోయాడు. ఫోనులో పిల్ల ఆరోగ్యం అడుగుతాడు, మాత్రలు వేసుకుంటుందా అంటాడు. మూలుగ ఎవరిదన్న మాట మాత్రం ఈరోజుకీ ఆయన నోట రాలేదు. గార్లలో అత్తమ్మ పిల్ల ఇంటికి రాకముందే కన్నుమూసింది.

నేను టేకుమట్ల పక్కింటామెకు ఫోను చేసి పిల్ల బాగుందని చెప్పమని చెప్పేదాన్ని. చెప్పానమ్మా అనేది. అటునుంచి ఏమీ వచ్చేది కాదు. పిల్లకు మేం ఎక్కువ చెప్పలేదు, మూలుగ ఇచ్చింది ఎవరో మాత్రం చెప్పాం. మళ్ళీ పత్తి ఏరే కాలం వచ్చినప్పుడు అది పోదామని పట్టుబట్టింది. డాక్టరమ్మను అడిగి, ముఖానికి గుడ్డ కట్టించి తీసుకుపోయాను.

ఇంటి దగ్గర లేదు. పక్కింటామె చేను చూపించింది. ఆమె ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో సాలు వెంట పత్తి ఏరుతోంది. నడుముకు కట్టిన ఒడి నిండుగా ఉంది. మమ్మల్ని చూసి ఒక్క క్షణం నిలబడింది. ఒడి పట్టుకునే మా దగ్గరికి నడిచివచ్చింది. నా వైపు చూడలేదు. పిల్ల గడ్డం పట్టుకుని, ముఖం గుడ్డ కొంచెం జరిపి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"గింత సన్నగున్నదేంది? తింటలేవా?"

"తింటున్న పెద్దమ్మా" అంది పిల్ల.

ఆమె చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది. నా వైపు తిరిగింది. "నువ్వు నేర్పినవా దొర్సాని?"

"లేదు. అదే అన్నది."

ఆమె పిల్ల ముఖం గుడ్డను మళ్ళీ సర్ది కట్టింది. "ఎండల నిలవడకు బిడ్డా. గా యాపచెట్టు కింద నా సద్ది ఉన్నది. నీళ్ళు సీసల ఉన్నయ్, కాగబెట్టి తెచ్చుకున్న నీళ్ళే, తాగు" అంది. పిల్ల అటు పోయింది. అది నడిచే తీరును, అడుగు వేసే పద్ధతిని ఆమె కాసేపు చూసింది. తరువాత తన సాలులోకి పోయి వంగింది.

 కొంగు బిగించి పక్క సాలులోకి దిగాను. పత్తి తీయబోతే పెచ్చు గోటిసందున గుచ్చుకుంది. రెండు కాయలు తీసేలోపు ఆమె పది తీసింది.

"గట్ల గుంజకు. పెచ్చొస్తది" అంది, తల ఎత్తకుండానే. "ఐదు వేళ్ళు జొప్పి ఒక్కసారే తియ్యాలె."

అలాగే తీశాను. కొంచెం దూరం పోయాక మళ్ళీ అంది, "బస్సు పొద్దుమీకంగ ఉంటది. అప్పటిదాంక గా సాలు అయిపోవాలె."

నేను వంగి ఏరసాగాను.